మంగవ్వ చేతిలో ఏమీ లేదు

"రాసిచ్చెయ్ లిదియా. రెండు లైన్లు. గింత దానికి గంత ఆలోచన ఎందుకు?" అన్నాడు యేసుబాబు చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

లిదియా అప్పుడు చపాతీలు కాలుస్తోంది. ఒక పొయ్యి మీద పెనం, రెండో పొయ్యి మీద మామకు జావ. ఆమె ఎల్లారెడ్డి బస్సు ఎనిమిదింటికి. ఆయన టీచరు. బడి కామారెడ్డిలోనే, ఇంటికి నాలుగు వీధుల అవతల. తొమ్మిదింటికి బయలుదేరినా సరిపోతుంది. అయినా పొద్దున్నే పేపరు ముందేసుకుని కూర్చునేది ఆయన, పెనం ముందు చెమటలు కక్కేది ఆమె. హాల్లో వాకర్ పక్కన పెట్టుకుని కూర్చున్న మామ అబ్రాహాము "లిదియా, మంచినీళ్లు" అని కేకేశాడు. నీళ్ల చెంబు ఆయన కొడుకు మోచేతికి తగిలేంత దగ్గర్లో ఉంది. కొడుకు చెంబు వైపు చూశాడు, వంటింటి వైపు చూశాడు. "లిదియా, నాయిన నీళ్లడుగుతుండు" అన్నాడు. లిదియా వచ్చి, చెంబు ఎత్తి, గ్లాసులో నీళ్లు పోసి మామ చేతికిచ్చి వెళ్లేసరికి పెనం మీది చపాతీ మాడింది. మాడినది ఎప్పటిలాగే తన డబ్బాలో పెట్టుకుంది.

రాసిచ్చేయమంటున్నది ప్రమోషన్ వద్దని. లిదియా ఎల్లారెడ్డిలో ఒక సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఇరవై రెండేళ్ల సర్వీసు. ఇప్పుడు సూపరింటెండెంటుగా బీర్కూర్‌కు ఆర్డరు వచ్చింది. కామారెడ్డి నుంచి రోజూ పోయి రాలేదు కాబట్టి అక్కడే ఒక గది తీసుకుని శనివారం సాయంత్రాలు ఇంటికి రావాలి. వద్దనుకుంటే, ఈ ప్రమోషన్ నాకు అక్కరలేదని శుక్రవారం లోపు తన చేత్తో తానే రాసివ్వాలి. జాబితాలో వెనకున్నవాళ్లు దాని కోసం కాచుకునే ఉంటారు.

ఇట్లా రాసివ్వడం ఆమెకు కొత్తేమీ కాదు. ఏడేళ్ల కింద ఒకసారి రాసిచ్చింది. అప్పుడు యేసుబాబు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, చర్చిలో పెద్దలు మాట్లాడే గొంతుతో నెమ్మదిగా చెప్పాడు. "ఈ ఏడు నాకు హెచ్చెమ్ ప్రమోషన్ వస్తది. ఏ మూలకు ఏస్తరో తెల్వది. ఇద్దరం చెరో దిక్కు పోతే ఇల్లేమైతది? నువ్వు జర తగ్గు. నాది అయినంక నీది చూద్దం." లిదియా తగ్గింది. తగ్గినందుకు ఆ ఆదివారం ప్రార్థనలో ఆయన దేవుడికి కృతజ్ఞతలు కూడా చెప్పాడు. ఆమెకు కాదు, దేవుడికి. ఆ హెడ్మాస్టరు ప్రమోషన్ మాత్రం రాలేదు. "కోర్టుల కేసులు పడ్డయి" అన్నాడు. పడ్డాయేమో అనుకుంది. ఆమె వదిలేసిన కుర్చీలోకి జాబితాలో ఆమె వెనకున్న చక్రధర్ ఎక్కాడు. తిరిగి తిరిగి ఇప్పుడు ఆమె ఆఫీసుకే సూపరింటెండెంటుగా వచ్చాడు. కష్టమైన నోటు ఏది వచ్చినా ఆమె బల్ల మీద పడేసి, "మీరే రాయండి మేడం, మీ భాష బాగుంటది" అంటాడు. ఆమె రాస్తుంది, ఆయన సంతకం పెడతాడు. దానికి జీతం కూడా ఆయనదే ఎక్కువ.

ఈ మధ్య లిదియాకు ఆఫీసులో ఒక కొత్త పిచ్చి పట్టింది. రికార్డు గదిలో మధ్యాహ్నం అన్నాలయ్యాక పోకర్ ఆడుతోంది. నేర్పింది కంప్యూటర్ ఆపరేటర్ హారిక. ఇరవై ఐదేళ్ల పిల్ల, ఇంజనీరింగ్ హాస్టల్లో నేర్చుకుందట. మూడో మనిషి అటెండర్ మంగవ్వ. చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టి, మొగుడు పోయాక ఆయన ఉద్యోగంలో చేరిన మనిషి. చదువు రాదు, ముక్కల మీది బొమ్మలూ చుక్కలూ చాలు ఆమెకు. ఆట చింతగింజలతో, డబ్బు మాటే లేదు. గింజలు మంగవ్వ ఇంటి నుంచే వచ్చాయి.

మొదటిరోజు లిదియా "నాకు రాదమ్మా" అని వెనక్కి జరిగింది. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఇట్లాగే ఆశపడింది. ఆదివారం చర్చి అయ్యాక యేసుబాబు దోస్తులు ముందు గదిలో చాప పరుచుకుని పేకముక్కలతో పత్తాలాడేవాళ్లు, ఇప్పటికీ ఆడతారు. మిరపకాయ బజ్జీల పళ్లెం పెడుతూ "నాక్కూడా నేర్పుండ్రి" అంది. "నీ మొఖం చూస్తే నీ చేతిల ఏమున్నదో చిన్నపోరడు సుత చెప్తడు" అన్నాడు యేసుబాబు. అందరూ నవ్వారు. తనూ నవ్వింది. ఇన్నేళ్ల తర్వాత వాళ్ల నవ్వు కంటే తన నవ్వు గుర్తొస్తేనే ఒళ్లు మండుతుంది.

పోకర్ ఆమె అనుకున్నంత కష్టమేం కాదు. తలా రెండు ముక్కలు మూసి పంచుతారు, బల్ల మీద ఐదు ముక్కలు తెరిచి పెడతారు. తెరిచినవి అందరివీ. తన రెండూ వాటితో కలుపుకుని ఎవరిది మేలైతే గింజలు వాళ్లవి. మధ్యలో ఎవరైనా గింజలు పెంచవచ్చు. పెంచితే మిగతావాళ్లు సమానంగా పెట్టి ఆటలో ఉండాలి, లేకపోతే ముక్కలు పడేసి తప్పుకోవాలి. లెక్కలన్నీ లిదియాకు రెండు రోజుల్లో వచ్చేశాయి. రాని విద్య ఒక్కటే. ఎవరైనా గింజలు గట్టిగా ముందుకు తోస్తే చాలు, ఆమె చెయ్యి దానంతటదే ముక్కలు కింద పెట్టేది. "వద్దులే, నువ్వే తీసుకో" అనేది, కూర ఎవరికో తక్కువైనప్పుడు తన గిన్నె జరిపినట్టు. హారిక నెత్తి కొట్టుకునేది.

ఆ బుధవారం లిదియాకు ఇస్పేటు ఆసు, ఇస్పేటు ఆరు వచ్చాయి. బల్ల మీద చూస్తే దూరదూరపు అంకెల మూడు ఇస్పేట్లు, జత ఒక్కటీ లేదు. ఐదూ ఒకే రంగు, పైన ఆసు. ఆ ఆటలో అంతకు మించిన చెయ్యి ఇంకెవరికీ ఉండే వీల్లేదు. అది ఆమెకు తెలుసు కూడా. హారిక తప్పుకుంది. మంగవ్వ కొంగు నడుముకు చెక్కుకుని, తన ముందున్న గింజలన్నీ రెండు చేతులా ఊడ్చి బల్ల మధ్యకు తోసింది. "చూస్కో బిడ్డా" అంది. ఆఫీసు పనిలో లిదియా ఆమెకు మేడం, ముక్కల దగ్గర బిడ్డ.

లిదియా తన ముక్కలు ఎత్తి మళ్లీ చూసుకుంది. ఏదో ఉంటేనే కదా ఇంత ధైర్యం చేస్తుంది? పెద్దమనిషి, ఊరికే చేస్తుందా? తను లెక్క తప్పిందేమో. తను చూడనిది ఆమె చూసిందేమో. ముక్కలు కింద పెట్టేసింది.

హారిక వాటిని తిప్పి చూసి "మేడం!" అని అరిచింది. "గిదెట్ల పడేసిండ్రు?"

"మంగవ్వ దగ్గర ఇంకా పెద్దది ఉన్నదేమో అనుకున్న. ఏమున్నది అవ్వా నీ కాడ?"

"అట్ల అడగద్దు మేడం" అంది హారిక. "పడేసినోళ్లకు ఎదుటోళ్ల పత్తాలు చూసే హక్కు లేదు. చూడాలంటే వాళ్లు పెట్టినన్ని గింజలు మీరు సుత పెట్టాలె. అప్పుడు వాళ్లు చూపెట్టక తప్పది."

"ఒక్కసారి చూడనియ్యే" అని మంగవ్వ తన రెండు ముక్కలూ తిప్పింది. ఆఠీన్ మూడు, కళావర్ ఆరు. బల్ల మీది దేనితోనూ కలవవు. "నా కాడ ఏం లేకుండె బిడ్డా. గింజలు జర గట్టిగ తోసిన, గంతే. నువ్వు బెదిరినవ్."

"ఇది మోసం!" అంది లిదియా. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "లేనిది ఉన్నట్టు చూపెట్టుడు మోసం కాదా? నీ వయసేంది, నువ్వు చేసే పనేంది?" కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. చింతగింజల కోసం ఏడుస్తున్న నలభై ఆరేళ్ల ఉద్యోగస్తురాలిని చూసి హారిక బిత్తరపోయింది. మంగవ్వ మాత్రం నవ్వలేదు, కోపగించుకోనూ లేదు. "నేను ఉన్నదని ఎప్పుడన్న? నువ్వే అనుకున్నవ్" అని గింజలు డబ్బాలో పోసుకుంది.

మధ్యాహ్నమంతా లిదియాకు ఫైళ్లు కళ్లకు ఆనలేదు. మంగవ్వ మీద అంత కోపం ఎందుకొచ్చింది? ఆ ముసలామె తన నుంచి ఏం తీసుకుంది, గుప్పెడు గింజలు. మరి ఈ మంట ఎవరి మీద? నాలుగున్నరకు, చక్రధర్ టీ తాగడానికి వెళ్లినప్పుడు, ఆమె హారిక పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏడేళ్ల కిందటి టీచర్ల సీనియారిటీ జాబితా దొరుకుతుందా అని అడిగింది. టీచర్ల సంఘం వాళ్లు ఇంటర్నెట్‌లో పెట్టిన జాబితా ఇంకా అట్లాగే ఉంది. వెతకడానికి హారికకు ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ ఏడు ఇవ్వాలనుకున్న హెచ్చెమ్ పోస్టులు అరవై. యేసుబాబు పేరు రెండు వందల పందొమ్మిదో వరుసలో ఉంది.

లిదియా ఆ వరుస మీద వేలు పెట్టి మూడుసార్లు చదివింది. కేసులు పడ్డమాట నిజమే కావచ్చు. పడకపోయినా ఆయనకు వచ్చేది కాదు. ఆ జాబితా అన్ని బళ్లకూ వచ్చే ఉంటుంది, తన నంబరు తెలియని టీచరు ఉండడు. ఆయన చేతిలో ఏమీ లేదు. ఏమీ లేని చేత్తో గొంతు నెమ్మది చేసి, ఇల్లేమైతది అని ఒక్క మాట ముందుకు తోశాడు. తను ఉన్నదంతా కింద పెట్టి లేచింది. రోజంతా జాబితాలు, వరుసలు, తారీకులు సరిచూసి జీతం తీసుకునే మనిషి, సొంత మొగుడి నంబరెంతో చూడాలని ఏడేళ్లలో ఒక్కసారి అనుకోలేదు. పడేసినవాళ్లకు చూసే హక్కు లేదని ఎవరూ చెప్పకుండానే ఆమెకు తెలిసినట్టుంది. ఈ ఒక్కటేనా? నాయిన నువ్వు వండితేనే తింటడు అన్నప్పుడు, బండి నేర్చుకుంటే పడి కాలు ఇరగ్గొట్టుకుంటవ్ అన్నప్పుడు, తల్లిగారింట్లో నాలుగు రోజులుంటే ఇక్కడ పస్తులే అన్నప్పుడు, ఎన్నిసార్లు ఏమీ లేని చేతులకు భయపడి లేచొచ్చిందో! సాయంత్రం బస్సులో కండక్టర్ ఇచ్చిన, ఆడవాళ్ల ఉచిత ప్రయాణపు జీరో టికెట్‌ను లింగంపేట వచ్చేదాకా నలుపుతూనే ఉంది. దుఃఖం కాదది. పచ్చి కోపం. దాన్ని మింగేయాలని కూడా ఆమెకు అనిపించలేదు.

గురువారం సాయంత్రం ఆమె ఇంట్లో అడుగు పెట్టేసరికి బల్ల మీద తెల్ల కాగితం, పెన్ను సిద్ధంగా ఉన్నాయి. టీ మాత్రం సిద్ధంగా లేదు. కూతురు చదువుకు హైదరాబాద్ వెళ్లాక ఇంట్లో మిగిలింది ముగ్గురే. మామ టీవీ ముందు, యేసుబాబు కాగితం ముందు.

"కూసో. రేపే ఆఖరి రోజు" అన్నాడు. "నేను చెప్త, నువ్వు రాయి."

లిదియా కూర్చుంది. "ఏడేండ్ల కింద మీ నంబరెంత?" అని అడిగింది.

"ఏం నంబరు?"

"హెచ్చెమ్ సీనియారిటీది."

"గవన్నీ ఎవరికి యాది ఉంటయి? కేసులు పడె గదా."

"రెండొందల పందొమ్మిది. పోస్టులు అరవై."

టీవీ గొంతు తగ్గింది. మామ రిమోట్ చేతిలో పట్టుకుని ఇటే చూస్తున్నాడు. యేసుబాబు అబద్ధమనలేదు. "నీకెవరు చెప్పిండ్రు?" అన్నాడు. ఆ ప్రశ్నతో లిదియాకు ఉన్న ఒకే ఒక్క అనుమానం కూడా పోయింది.

"ఎవరు చెప్తే ఏంది? నేను రాసియ్య. బీర్కూర్ పోత."

యేసుబాబు బల్ల మీద చెయ్యి గట్టిగా వేశాడు. "పో! మంచిగ పో! ఆఫీసరమ్మవు గా! నేను లాంగ్ లీవ్ పెట్టి ఇంట్ల కూసుంట. నాయినకు నేనే నీళ్లు పోస్త, నేనే వండుకుంట. నా నౌకరి ఏమైనా సరే, నలుగురు నా మొఖం మీద నవ్వినా సరే. గదేగా నీకు కావాల్సింది?"

ఈ చోటుకు వచ్చాకే లిదియా ప్రతిసారీ "వద్దులెండి" అనేది. ఆ మాట ఇప్పుడూ నోటిదాకా వచ్చింది. ఆయన ముఖం ఎర్రబడింది, మెడ నరాలు ఉబ్బాయి, చూడ్డానికి నిజంగానే అన్నీ వదులుకోబోయే మనిషిలా ఉన్నాడు. ఆమెకు భయమేసింది. భయమేసినా లేవలేదు. కాగితం తన వైపు జరుపుకుని, పెన్ను మూత తీసి, రాయడం మొదలుపెట్టింది. యేసుబాబు కుర్చీలో వెనక్కి వాలాడు. ఎప్పటిలాగే దారికొచ్చిందనుకున్నాడు.

ఇరవై రెండేళ్లుగా ఊరందరి దరఖాస్తులూ సరిదిద్దిన చెయ్యి, ఎక్కడా కొట్టివేత లేకుండా గుండ్రంగా రాసుకుంటూ పోయింది. 'నా భార్య పదోన్నతిపై బీర్కూర్ వెళ్లుచున్నందున, వృద్ధుడైన నా తండ్రిని చూసుకొనుటకు నాకు దీర్ఘకాలిక సెలవు మంజూరు చేయవలసినదిగా ప్రార్థన.' సంతకానికి చోటు ఉంచి, దాని కింద 'ఎం. యేసుబాబు, ఉపాధ్యాయుడు' అని రాసి, కాగితాన్ని ఆయన వైపు తిప్పింది. ఆయన చదివాడు. మళ్లీ చదివాడు.

"తారీకు జాగా ఇడిసిపెట్టిన" అంది లిదియా. "నేను సోమవారం జాయిన్ అయితున్న. మీ లీవు ఏ రోజు నుంచి రాయాల్నో చెప్పుండ్రి."