మూడోసారి దిగిన గాలి

నర్సమ్మ కారు దుకాణం ముందు ఆగిన తీరు చూడగానే గాలక్కకు సంగతి అర్థమైపోయింది. ముందు ఎడమ చక్రం మళ్లీ దిగింది. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, ఇది మూడోసారి! టైర్ల దుకాణం నడుపుతూ, అసలు పేరు అందరూ మరిచిపోయి గాలక్క అని పిలిచేదాకా వచ్చాక, ఒక్క చక్రంలో గాలి నిలపలేకపోతే ఇంకెందుకా బతుకు?

నర్సమ్మ ఇంటింటికీ వెళ్లి కాన్పులు చేసే మనిషి. అరిచే రకం కాదు. అరిచినా బాగుండేది. నెమ్మదిగా దిగి, తాళాలు గాలక్క చేతిలో పెట్టింది.

"నిన్న పొద్దున మళ్లీ కూర్చుంది అక్కా. పంపు పెట్టి గాలి కొట్టుకుని వెళ్లేసరికి బిడ్డ పుట్టేసింది. వాళ్ల అత్తగారే చేతుల్లో పట్టుకుంది."

"అయ్యో! తల్లీబిడ్డా?"

"బాగానే ఉన్నారు, ఈసారికి. కానీ ఇలా ఆలస్యం కావడం ఇది రెండోసారి. ఇంకొక్కసారి జరిగితే నన్ను ఆఫీసులో కుర్చీకి కట్టేస్తానంది మా పెద్ద డాక్టరమ్మ. ఇరవై రెండేళ్లుగా చేస్తున్న పని అక్కా. కాగితాలు రాసుకుంటూ కూర్చోవడం నా వల్ల కాదు."

గాలక్కకు తల కొట్టేసినట్టయింది. మొదటిసారి వాల్వు మార్చి, "అయిపోయింది, వెళ్లిరండి" అంది. రెండోసారి వాల్వులోంచి లీకు మందు పోసి, "ఇక ఏడాదిదాకా చూడక్కర్లేదు" అంది. రెండుసార్లూ టైరు విప్పలేదు. బద్ధకమంటే ఒప్పుకోదు గానీ, బద్ధకమే.

"ఇవాళ తాడో పేడో తేల్చేస్తాను. మీరా బెంచీ మీద కూర్చోండి. ఫోనొస్తే మా తమ్ముడు తన బండిలో దింపుతాడు. చక్రం బాగుపడకుండా కారు మాత్రం ఇచ్చేది లేదు," అంది చేతులు పైకి మడుచుకుంటూ.

తమ్ముడు లోపలినుంచే, "ఎందుకక్కా ఈ తిప్పలు? కొత్త రిమ్ము తెప్పించేస్తే పోలా?" అన్నాడు.

"నీకు తలనొప్పొస్తే కొత్త తల తెప్పించుకుంటావట్రా? నోర్మూసుకుని జాకీ పెట్టు!"

చక్రం విప్పి, గాలి నిండా కొట్టి నీళ్లతొట్టిలో ముంచారు. ఒక్క బుడగ రాలేదు. మామూలుగా అయితే ఇక్కడే తీసేస్తారు. గాలక్క స్టూలు లాక్కుని తొట్టి పక్కన బైఠాయించింది. పది నిమిషాలు గడిచాయి. చేపలేమన్నా పడ్డాయా అని తమ్ముడు వేళాకోళం ఆడాడు. ఆమె తల ఎత్తలేదు.

అప్పుడు వచ్చింది, ఆవగింజంత బుడగ. ఆమె లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఎనభై దాకా వచ్చాక ఇంకొకటి. టైరులోంచి కాదు, వాల్వులోంచి కాదు. కారు లోపలివైపు, టైరు అంచు రిమ్ములో కూర్చునే చోటునుంచి.

"దొరికావురా దొంగా!" అని అరిచింది.

టైరు ఊడదీసి చూస్తే, ఆ కూర్చునే చోటంతా తెల్లగా పొడి పొడిగా ఉంది. అల్లాయ్ రిమ్ము ఇనుములా ఎర్రగా తుప్పు పట్టదు. పైపూత కింద తెల్లగా పొంగి పొరలు పొరలుగా లేస్తుంది. వెంట్రుకవాసి ఎత్తు లేచినా చాలు, గాలి అక్కణ్ణుంచే జారుకుంటుంది. ఇక్కడ మరీ ఘోరం. గ్రైండరుకు ఇనుప బ్రష్షు తగిలించి ఎవరో ఇష్టమొచ్చినట్టు గీకేసిన చారలు కనిపిస్తున్నాయి.

గాలక్క ఒళ్లు మండిపోయింది. "చూశారా నర్సమ్మా! ఎవడో చేతకాని వెధవ పూతంతా గీకేసి, మళ్లీ పూత వెయ్యకుండా టైరు ఎక్కించేశాడు. పచ్చి గాయానికి కట్టు కట్టకుండా ఇంటికి పంపినట్టు! మీ దగ్గర ఎవరైనా ఇలా చేస్తే ఊరుకుంటారా?"

"ఊరుకోం," అంది నర్సమ్మ.

ఆ మాట దొరికాక గాలక్క ఆగుతుందా? వాడి చేతులు పడిపోను అంది. వాడికి పని నేర్పినవాణ్ణి తన్నాలి అంది. వాడి ఏడు తరాలనూ వరసగా పిలిచి మరీ తిట్టింది. తిడుతూనే, రిమ్ము లోపల అంటుకున్న లీకు మందు జిగురును గుడ్డతో తుడిచింది. జిగురు కింద పసుపు రంగు కనిపించింది. ఒక తేదీ. పక్కన 'గా' అనే అక్షరం.

తండ్రి నేర్పిన అలవాటు అది. "టైరు మూసేముందు లోపల సంతకం పెట్టమ్మా. రేపు తెరిచినవాడికి ఎవరి పనో తెలియాలి," అనేవాడు. నాలుగేళ్ల కిందటి తేదీ. అప్పుడీ కారు లెక్కల మాస్టారిది. నర్సమ్మ కొని ఏడాదే అయింది. ఆరోజు దుకాణం ముందు బారులు తీరిన కార్లు, అరగంటలో నాలుగు చక్రాలూ గీకేసి ఎక్కించడం, ఆ వేగం గురించి నెలరోజులు డప్పు కొట్టుకోవడం, అన్నీ గుర్తొచ్చాయి. ఆకాశం మీదికి ఉమ్మితే ఎక్కడ పడుతుంది మరి?

తమ్ముడూ చూశాడు. దగ్గరికొచ్చి గుసగుసగా, "థిన్నరు పెట్టి ఒక్క తుడుపు తుడిచెయ్యక్కా. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

నిజమే, ఎవరికీ తెలియదు. గుడ్డ చేతిలోనే ఉంది. నర్సమ్మ వెళ్లని ఇల్లు లేదు, ఆమె నోట ఒక్క మాట జారితే దుకాణం పరువు ఏమవుతుంది? గాలక్క గుడ్డ కింద పడేసింది.

"నర్సమ్మా, ఇలా రండి. ఇందాక నేను తిట్టిన వెధవ సంతకం ఇదిగో. నేనే."

నర్సమ్మ వంగి చూసింది. చాలాసేపు చూసింది. "ఆ ఏడు తరాలూ మీవేనా?" అంది.

తమ్ముడు కిసుక్కుమన్నాడు. నర్సమ్మ మాత్రం నవ్వలేదు. "పాపం, నిన్న ఆ పిల్ల నా పేరు పెట్టి పిలుస్తూనే కనిందట అక్కా."

గాలక్క కళ్లు నిండిపోయాయి. "తిట్టండి. ఎంత తిట్టినా పడతాను. కానీ కారు తీసుకెళ్లకండి. మిగతా మూడూ ఆరోజు నేనే గీకాను. అవీ ఇలాగే ఉంటాయి."

"అయితే నాలుగూ విప్పు. నేను చూస్తూ కూర్చుంటాను."

తమ్ముడు అలవాటుగా గ్రైండరు అందించబోతే, "దాన్ని నా కళ్లెదుటినుంచి తీసెయ్!" అంది. ఉప్పుకాగితంతో చేత్తోనే రుద్దింది. వేలి కొసతో అంచంతా తడుముతూ, ఎక్కడ గరుకు తగిలితే అక్కడ మళ్లీ రుద్దింది. కడిగి, ఆరబెట్టి, ప్రైమరు వేసి, దాని మీద పూత వేసింది. నాలుగో చక్రానికి వచ్చేసరికి వేళ్ల చివర్లు ఎర్రగా కమిలిపోయాయి.

పూత తడిగా ఉండగానే నర్సమ్మ ఫోను మోగింది. ఎవరికో నొప్పులు మొదలయ్యాయి.

"ఎక్కించెయ్యక్కా, వెళ్లిపోతాను!"

"తడి మీద ఎక్కిస్తే నాలుగేళ్ల కిందటి పనే మళ్లీ చేసినట్టు. చచ్చినా ఎక్కించను. ఒరేయ్, బండి తియ్! ఆవిడ దిగేదాకా ఎక్కడా ఆగకు!"

సాయంత్రం నర్సమ్మ తిరిగొచ్చేసరికి టైర్లు ఎక్కించి ఉన్నాయి. లోపల పాత తేదీ చెరగలేదు. దాని కిందే కొత్త తేదీ, మళ్లీ 'గా'. ఒక్కో చక్రాన్నీ తొట్టిలో అరగంట ముంచారు. స్టూలు మీద ఈసారి నర్సమ్మే కూర్చుంది. బుడగ రాలేదు. ఆమె తాళాలు తీసుకుని వెళ్లిపోయింది.

తర్వాత మూడు వారాలు గాలక్కకు అన్నం సహించలేదు. కారు హారన్ వినిపిస్తే చాలు, ఉలిక్కిపడి లేచేది.

నాలుగో వారం నర్సమ్మ వచ్చింది. తనే గాలి మీటరు తీసుకుని, గొంతుక్కూర్చుని నాలుగు చక్రాలకూ పెట్టి చూసింది.

"ముప్పై మూడు. నువ్వు కొట్టినంతా అలాగే ఉంది."

"మరి... కాన్పులు?" అంది గాలక్క.

"ఏడు. ఏడుగురినీ నా చేతుల్తోనే పట్టుకున్నాను."