సున్నాల పలక

రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య, మెట్లు మలుపు తిరిగే చోట నిలబడి ఆయన ఫోను నొక్కుతున్నాడు. ఆ మూల సిగ్నలు అంతంతమాత్రం. అందుకే అక్కడ నిలబడతాడు. ఫోను కూడా ఎవరో పారేయబోతే అడిగి తెచ్చుకున్నది, ఓ పక్క గాజు పగిలి, నొక్కిన ప్రతి అంకె గురించీ కాసేపు ఆలోచించుకునేది. అయిదు సున్నాలు కొట్టి, పెదవులు కదుపుతూ లెక్క మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తెర మీద పచ్చటి అక్షరాలు వచ్చాయి: తాగవచ్చు. జేబు పుస్తకం తీసి తేదీ పక్కన నాలుగు అని రాసుకున్నాడు. తొమ్మిదేళ్లుగా పని రోజున ఒక్కసారి కూడా మానకుండా చేస్తున్న పని ఇది. చెయ్యమని ఎవరూ చెప్పలేదు, చేశావా అని ఎవరూ అడగలేదు.

అక్కణ్ణించి పైకి పద్దెనిమిది మెట్లు. ఇవాళ పదకొండో మెట్టు మీద ఆగాల్సి వచ్చింది. ఎడమ భుజం కింద ఎవరో తడిబట్ట పిండుతున్నట్టుంది. రాత్రి తిన్నది అరగలేదు కాబోలనుకుని, మెట్ల పక్క కమ్మీ మీద చెయ్యి వేసుకుని, తక్కినవి ఎక్కాడు.

ఆఫీసులో ఆయన్ని నిదానం గారు అంటారు. ముఖం మీదే అంటారు, ఆయన పలుకుతాడు కూడా. యాభై తొమ్మిదేళ్ల మనిషి, పొట్టి, మోచేతుల దగ్గర చొక్కా ఎప్పుడూ నలిగి ఉంటుంది. గుండీలు మాత్రం ఒక్కటీ వదులుగా ఉండదు, ఎందుకంటే ఆయన భార్య దర్జీ దుకాణంలో కాజాలు కుడుతుంది. ఇంట్లో ఆ ఇద్దరే. మెయిలుకి జవాబు రాయమంటే ఆయన రెండు రోజులు తీసుకుంటాడు, కానీ ఆ జవాబు మళ్లీ దిద్దాల్సిన అవసరం రాదు. ఈ రెండో సంగతికి ఎవరూ పేరు పెట్టలేదు.

అది ఇరవై మూడు దేశాల్లో మంచినీటి చేతిపంపులు వేయించే పథకం. డబ్బిచ్చేవాళ్లు వేరు, తవ్వేవాళ్లు వేరు, నీళ్లు పరీక్షించేవాళ్లు వేరు, వీళ్లందరి మీదా కన్నేసి ఉంచేవాళ్లు మరీ వేరు. ఎవరు ఎవరికి జవాబు చెప్పాలో చూపే పటం ఒకటి గోడకి ఉంది. కొత్తగా చేరినవాళ్లు దాని ముందు కాసేపు నిలబడి, తాగడానికి మంచినీళ్లెక్కడండీ అని అడిగేవారు. ఈ పథకం వెబ్‌సైటుని కొత్తగా కట్టడం మొదలై పది నెలలైంది. మొదటి పేజీలో ఎవరి లోగో ముందుండాలి అన్న ఒక్క విషయానికే ఏడు మీటింగులు పట్టాయి. ఇవాళ సాయంత్రం అయిదింటికి పాతది పోయి కొత్తది వస్తుంది.

ఇంత పెద్ద వెబ్‌సైటులో నిదానం గారిది ఒక్క పేజీ. నిజానికి పేజీ అనడానికి కూడా అందులో ఏమీ లేదు. తెల్లటి నేల మీద ఒక గడి, అంతే. పంపు నంబరు కొడితే ఆ నీళ్లు తాగవచ్చో లేదో చెబుతుంది. ప్రతి పంపు మెడకీ అరచేయంత ఇనుప పలక బిగించి ఉంటుంది. దాని మీద పంపు నంబరు, కింద ఈ పేజీ చిరునామా, ఆ కింద ఒక్క వాక్యం: తాగే ముందు ఇక్కడ చూడండి. అలాంటివి ఎనభై వేల పలకలు. అన్నిటికన్నా ముందు నమూనాగా పోత పోసింది, అయిదు సున్నాల నంబరుది, ఆయన బల్ల మీద కాగితాలు ఎగరకుండా బరువుగా ఉంది.

తొమ్మిదేళ్ల కిందట డెబ్బై వేల మూడు వందల పదహారో నంబరు పంపు చూసుకునే ఆమె ఒక ఉత్తరం రాసింది. అనువాదం చేసే ఆవిడ చదివి చెప్పింది. మీ పేజీ కోసం ప్రతి గురువారం సాయంత్రం బిడ్డనెత్తుకుని దిబ్బ ఎక్కి నిలబడుతున్నాను, సగం వచ్చి ఆగిపోతోంది, బిడ్డ ఏడుస్తోంది, అని. పేరు రాయలేదు, నంబరే రాసింది. నిదానం గారు ఆ వారమంతా కూర్చుని పేజీలో బరువున్నవన్నీ తీసేశాడు. బొమ్మలు తీశాడు, రంగులు తీశాడు. ఎంతమంది వచ్చారో లెక్కపెట్టే మీటరొకటి ప్రతి పేజీలోనూ ఉంటుంది. అదీ దిగాకే పేజీ తెరుచుకునేది కాబట్టి దాన్నీ పీకేశాడు. నలభై సెకన్ల పేజీ నాలుగు సెకన్లకి వచ్చింది. ఆయన జీవితంలో గొప్పగా చెప్పుకోదగ్గ పని అదొక్కటే. అది కూడా ఆయన భార్యకి తప్ప ఎవరికీ చెప్పుకోలేదు.

గురువారం కాబట్టి పదకొండింటికి ప్రయోగశాల ఫలితాలు వచ్చాయి. ఒక్కొక్కటీ ఎక్కిస్తూ పోతున్నవాడు మూడో కాగితం దగ్గర ఆగాడు. 70316. నీళ్లలో విషం పాలు హద్దుకి ఆరు రెట్లు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఆ నంబరే. ఎర్రరంగు ఎంచుకుని 'తాగవద్దు' అని పెట్టాడు. గురువారం సాయంత్రాలు ఆమె తప్పకుండా చూస్తుందని ఆయనకి తెలుసు. ఆ బిడ్డకి ఇప్పుడు పదేళ్లుంటాయి.

అప్పుడు అనుమానమొచ్చి, పాత చిరునామాల మీదికి వచ్చినవాళ్లని కొత్త పేజీలకి పంపే పట్టిక తెరిచాడు. మూడు వేల ఎనిమిది వందల లైన్లు ఆయన చేత్తో రాసినవే. ఇప్పుడు ఆరు వందలున్నాయి. ఆయన పేజీ లైను లేదు.

కొత్త సైటు కడుతున్న కంపెనీ తరఫున వచ్చిన డిజైనరమ్మాయి కిటికీ పక్కన కూర్చుంటుంది. చురుకైన పిల్ల, మర్యాద తెలిసినది.

"నెలకి వందమందైనా చూడని పేజీలకి లైన్లు తీసేశాం సార్. అవి కొట్టినవాళ్లు మొదటి పేజీకి వెళ్తారు."

"పంపుల పేజీ కూడా తీసేశారమ్మా."

ఆమె వెతికి చూసింది. "దానికి సున్నా సార్. పది నెలల్లో ఒక్క మనిషి కూడా రాలేదు."

ఆయన ఆమె తెర మీదికి వంగి చూశాడు. "రాకపోవడమేంటమ్మా, వేలమంది వస్తారు. ఆ మీటరు నేనే తీసేశాను. బరువని తీసేశాను. పలకల మీదంతా పాత అడ్రసే పోసుందమ్మా, బోల్టులు వేసి బిగించారు. వాటిని మార్చలేం."

"అయ్యో! ఒక్క లైనే కదా సార్. కానీ పట్టికకి నిన్న తాళం వేసేశారు. తియ్యాలంటే మేడం చెప్పాలి."

పథకం డైరెక్టరు మేడం గది బయట గంటన్నర కూర్చున్నాడు. లోపల ఓ లోగో పక్కదానికన్నా వేలెడు చిన్నదైపోయిందని ఫోనులో ఎవరో అలిగారు. ఆవిడ వాళ్లని బుజ్జగించి, బయటికొచ్చి, నడుస్తూనే విన్నది.

"మీరు చెప్పేది ముఖ్యమైన విషయమే. రెండో దశలో పెట్టుకుందాం."

"రెండో దశ ఎప్పుడండీ మేడం?"

"మొదటిది కానివ్వండి ముందు."

"ఇవాళ ఒక పంపు ఎర్రది వచ్చిందండీ."

"నాకో మెయిలు పెట్టండి," అని ఆవిడ లిఫ్టు ఎక్కేసింది. ఆయన మెయిలు పెట్టాడు. పంపు తవ్విన సంస్థకీ పెట్టాడు. కార్యాలయం సోమవారం తెరుచుకుంటుందని అక్కణ్ణించి దానంతటదే వచ్చే జవాబు వచ్చింది.

నాలుగింటికి డిజైనరమ్మాయే ఆయన బల్ల దగ్గరికి వచ్చింది. ముఖం చూసి జాలేసింది కాబోలు. "రేపు పొద్దున్న తాళం తీస్తారు సార్. రాగానే నేనే వేసేస్తాను. ఆ లైను ఓ కాగితం మీద రాసివ్వండి, లేకపోతే మర్చిపోతాను."

ఆయన గుండ్రటి అక్షరాలతో రాశాడు, చుక్క కూడా తేడా లేకుండా రెండుసార్లు సరిచూశాడు. ఇద్దామని తలెత్తేసరికి ఆమెని హాల్లోకి పిలుచుకుపోయారు. కాగితం చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికి ఫోను చేశాడు.

"ఇవాళ ఆలస్యమవుతుందే. ఒక లైను వేయించాలి."

"లైనేంటండీ?"

"వచ్చాక చెప్తాలే. నువ్వు తినేసెయ్."

"మీ గొంతేంటి అలా ఉంది?"

"మెట్లెక్కానులే," అన్నాడు. అప్పటికి ఆయన కూర్చుని గంటైంది.

అయిదింటికి అందరూ హాల్లో పోగయ్యారు. పెద్ద తెర మీద కొత్త మొదటి పేజీ తెరుచుకుంది. దోసిట్లో నీళ్లు పట్టుకుని నవ్వుతున్న పిల్ల ఫొటో, కింద వరసగా లోగోలు, అన్నీ ఒకే కొలత. చప్పట్లు మోగాయి. నిజం చెప్పాలంటే పేజీ చాలా అందంగా ఉంది.

నిదానం గారు హాల్లోకి వెళ్లలేదు. పద్దెనిమిది మెట్లు దిగి, మలుపు దగ్గర ఆగి, పాత ఫోనులో పలకల మీది చిరునామా కొట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తెర తెల్లగా ఉంది. పదిహేడు, పద్దెనిమిది. పైనుంచి ఓ నీలం చార దిగింది. నిలబడలేక మెట్టు మీద కూర్చున్నాడు. నలభై ఒకటి, నలభై రెండు.

ఆరింటికి మెట్లు ఊడవడానికి వచ్చినామె, "సార్, కాస్త కాళ్లు తీస్తారా," అని రెండుసార్లు అడిగింది. మూడోసారి చీపురు కింద పెట్టి ఆయన భుజం తట్టి చూసింది. ఒళ్లో ఫోను ఇంకా వెలుగుతోంది. అందులో పిల్ల ఫొటో నుదుటి దాకా దిగి ఆగిపోయి ఉంది.

మర్నాడు ఆఫీసంతా అల్లకల్లోలంగా ఉంది. డిజైనరమ్మాయి ఏడ్చింది, నిజంగానే ఏడ్చింది. ఆయన రాసిన కాగితం ఎక్కడుందో ఆమెకి తెలియదు. ఆ సాయంత్రం దిబ్బ మీద నిలబడ్డ మనిషి ఏం చూసిందో, చూసి ఏం చేసిందో ఈ ఆఫీసులో చెప్పగలిగింది ఆయనొక్కడే, ఆయన లేడు.

మూడు వారాల తర్వాత ఆయన సామాను కోసం భార్య వచ్చింది. డిజైనరమ్మాయి ఒక్కొక్కటీ తీసి అందించింది: కళ్లజోడు పెట్టె, గొడుగు, జేబు పుస్తకాలు తొమ్మిది. పలకని చేత్తో ఎత్తి చూసి, "ఇది ఆఫీసుదే కదమ్మా," అని మళ్లీ బల్ల మీద పెట్టేసింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"ఆయన లైనేదో వేయించాలన్నారు. వేశారామ్మా?"

డిజైనరమ్మాయి బల్ల మీది పలకని కాస్త పక్కకి జరిపింది. "వేశామండీ," అంది.

"హమ్మయ్య," అంది ఆవిడ. "వెయ్యకపోతే ఆయనకి నిద్రపట్టదు." సంచీ చంకన పెట్టుకుని, మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమే వేసేద్దామని ఆ అమ్మాయి గట్టిగా అనుకుంది. మధ్యాహ్నం లోగోల మీటింగు పడింది. నెలాఖరుకి ఆ కంపెనీ ఒప్పందం ముగిసి, ఆమె ఇంకో పనికి వెళ్లిపోయింది. నిదానం గారి కుర్చీలోకి వార్తలు రాసే మనిషి ఒకతను వచ్చాడు. అతనికిచ్చిన కొత్త స్క్రీను టైపు కొట్టినప్పుడల్లా ఊగుతుంటే, దాని స్టాండు కాలి కింద పెట్టడానికి అటూ ఇటూ వెతికాడు. చేతికి అందిన ఇనుప పలక సరిగ్గా సరిపోయింది. అక్షరాలు గరుగ్గా తగులుతుంటే బోర్లా తిప్పి పెట్టాడు. అయిదు సున్నాలు, చిరునామా, తాగే ముందు ఇక్కడ చూడండి అన్న మాట బల్ల చెక్కకి ముఖం ఆనించి అలాగే ఉన్నాయి.