నలభై రెండు అక్షరాల పొట్లాలు

కొత్త ప్రింటర్ పెట్టిన వారానికి విత్తనాల గది బాధ్యురాలు ఒక అట్టపెట్టె పట్టుకుని కంప్యూటర్ గదిలోకి వచ్చింది.

"ఈ నక్షత్రం గుర్తు మేలురకానికేనా అమ్మా? పదకొండు పొట్లాల మీదుంది. ఏరి చల్లటి అరలో పెట్టేశాను. చూపిద్దామని మిగతావాటితో కలిపి తెచ్చాను."

ప్రోగ్రామర్ తెల్లబోయింది. తను ఏ గుర్తూ వేయించలేదు. విత్తనాల జాబితా ప్రోగ్రాం పాతికేళ్ళ కిందట ఆమె మేనమామ పాస్కల్ భాషలో రాసినది. కొత్త ప్రింటర్‌ను నడిపే ప్రోగ్రాం ముక్కలు సి భాషలోవి. ఆ రెంటినీ ఈమె కలిపింది. పక్క కుర్చీలో ఉన్న మావయ్యకు చురుక్కుమంది.

"నా ప్రోగ్రాం ఇన్నేళ్ళలో ఒక్క అక్షరం తప్పెయ్యలేదే!"

"నిన్నెవరన్నారు మావయ్యా? ముందు పొట్లాలు చూద్దాం పట్టు."

బల్ల మీద పరిచారు. చాలావాటికి పేరుకు ముందు కాస్త ఖాళీ ఉంది. కొన్నిటికి నక్షత్రం, రెండింటికి కూడిక గుర్తు. ఒకదాని మీద 'పొడుగు ఎర్ర ముల్లంగి' పక్కనే 'దురు పసుపు' అని వేలాడుతోంది. దానికి ముందు అచ్చయిన చీటీ 'గుండ్రటి గుమ్మడి, ముదురు పసుపు'.

మావయ్య నక్షత్రమున్న పేర్లలోని అక్షరాలను పెన్సిల్ మొనతో, ఖాళీలూ కామాలూ వదలకుండా లెక్కపెట్టాడు.

"నలభై రెండు. ఇదీ నలభై రెండే! ఇదీనూ!"

నక్షత్రమున్న పదకొండూ అంతే. కూడిక గుర్తున్నవి నలభై మూడు. ఆమె గబగబా అక్షరాల సంకేతాల పట్టిక తీసింది. నక్షత్రం సంఖ్య నలభై రెండు, కూడిక గుర్తుది నలభై మూడు.

"మావయ్యా, పాస్కల్‌లో పేరు పొడవు ఎక్కడ దాస్తావు?"

"అక్షరానికో గడి చొప్పున ఉండే వరసలో, మొట్టమొదటి గడిలో. మరి సి వాళ్ళకి ఎక్కడ ఆగాలో ఎలా తెలుస్తుంది?"

"చివర్లో సున్నా సంకేతం పెడతారు. అది తగిలేదాకా చదువుకుంటూ పోవడమే."

"ఓరి నాయనో! నేను సున్నాలు పెట్టలేదుగా!"

"అదే మరి. ప్రింటర్ పొడవునే అక్షరమనుకుని అచ్చేసింది. చిన్న సంఖ్యలకి బొమ్మ లేదు కాబట్టి ఖాళీ వచ్చింది. చివర ఆగలేక, ఆ గడుల్లో మిగిలిన గుమ్మడి తోక కూడా లాక్కొచ్చింది. పేరున్న చోటు చూపించానే గానీ, ఏ పద్ధతిలో ఉందో చూసుకోలేదు. పొరపాటు నాదే."

బాధ్యురాలి ముఖం వాడిపోయింది. "అయితే ఇవి మేలురకం కావా? వీటి కోసం మంచివి బయట పెట్టానే!" అంటూ పరుగుతీసింది.

ప్రోగ్రామర్ మొదటి గడి వదిలి, చివర సున్నా చేర్చేలా మార్చబోతే మావయ్య ఆమె చెయ్యి ఆపాడు.

"పేరుకు నాకున్నవి రెండు వందల యాభై అయిదు గడులు. పేరు అన్నీ నింపేస్తే నీ సున్నా ఎక్కడ పెడతావే?"

ఆమెకది తట్టనే లేదు. ఒక గడి ఎక్కువుండేలా వేరే చోటికి పేరును ఎత్తిరాసుకుని, దాన్నే ప్రింటర్‌కు ఇచ్చింది. చీటీలు శుభ్రంగా వచ్చాయి. మూడు వందల పొట్లాలకూ కొత్తవి అంటించేసరికి ముగ్గురి వేళ్ళకూ జిగురే.

చేతులు తుడుచుకుంటూ మావయ్య అడిగాడు. "పేరు మధ్యలోనే సున్నా వస్తే?"

"ఎందుకొస్తుంది?"

"రాదులే. వస్తేనో?"

ఆమె కీబోర్డు ముందుకు లాక్కుని, ఒక పేరు మధ్యలో సున్నా పెట్టి చూసింది. ప్రింటర్ సగం పేరే అచ్చేసి ఆగింది. ఇద్దరూ ఆ చీటీ మీదకు వంగారు.