పారేసిన వరుసలు

అతను చేసే ఉద్యోగం ఏమిటో ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు. గొట్టంలోంచి నీళ్ళు పంపినట్టు ఒకచోటి సమాచారాన్ని ఇంకోచోటికి పంపుతానని ఒకసారి నోరుజారి చెప్పాడు. అంతే, ఆనాటినుంచి గొట్టాలాయన అయిపోయాడు. వంటింట్లో కొళాయి కారినప్పుడల్లా మామగారు ఫోను చేసి, అల్లుడుగారూ ఇది మీ శాఖే కదా అనేవాడు.

అతణ్ణి పెంచింది ఇద్దరు మేనత్తలు, కవలలు. వాళ్ళ పోలిక గురించి చెబితే కోతలంటారు గానీ, పెద్దత్తకు పన్ను నొప్పి వస్తే డాక్టరు పొరపాటున చిన్నత్త పన్ను పీకాడట, పెద్దత్తకు నొప్పి తగ్గిపోయిందట. అద్దం ముందు నిలబడితే ఎదుటున్నది అక్కా చెల్లెలా అని అద్దానికే అనుమానం వచ్చేదట. ఇద్దరికీ ఒకటే ఇల్లు, ఒకటే ఫోను, ఒకటే గొడుగు. తేడా పెట్టింది ముసలితనమే. పెద్దావిడకు మోకాళ్ళు పట్టేశాయి. చిన్నావిడకు కుడికన్ను మసకబారింది. ఆ కంటికి నెలనెలా సూది వేయించాలి, మానేస్తే పోయిన చూపు మళ్ళీ రాదని డాక్టరు ముందే గట్టిగా చెప్పాడు. ఇద్దరూ ఆసుపత్రి తేదీలు ఒకే రోజుకు పెట్టించుకుని, ఒకే వ్యానులో కబుర్లాడుకుంటూ వెళ్ళేవారు. ఒకరు మోకాళ్ళ ఆసుపత్రి దగ్గర దిగితే, ఇంకొకరు కంటి ఆసుపత్రి దగ్గర దిగేవారు.

ముసలివాళ్ళను తిప్పే ఆ వ్యాన్లకు ఒక కార్యాలయం ఉంది. ప్రతి ఆసుపత్రీ తన జాబితా పంపితే, గుమాస్తాలు వాటిని చేత్తో కలిపి డ్రైవర్లకు ఇచ్చేవారు. ఒకే రోగి పేరు రెండు జాబితాల్లో పడి, రెండు వ్యాన్లు ఒకే గుమ్మం ముందు హారన్లు కొట్టుకున్న రోజులూ ఉన్నాయి. ఆ కలిపే పనిని కంప్యూటరుకు నేర్పే బాధ్యత గొట్టాలాయన మీద పడింది.

అతని పైఅధికారిణిని ఆఫీసులో చాటుగా నిదానం మేడం అనేవారు. ఆవిడ చెప్పవలసిందంతా చెప్పింది. ముందు అసలు వ్యాన్ల జోలికి పోకుండా నకలు మీద నడపమంది, అదీ ఆసుపత్రులు నిజంగా పంపిన జాబితాలతోనే. ఒక్క ఆసుపత్రితో మొదలుపెట్టి, కొన్నాళ్ళు గుమాస్తాల పద్ధతిని కూడా పక్కనే నడిపించి, తేడా ఎక్కడ వస్తుందో చూడమంది. అన్నిటికన్నా ముఖ్యంగా, కంప్యూటరు వద్దని తోసేసిన జాబితా వరుసలను పారేయొద్దు, విడిగా ఒక బుట్టలో వేసి ఉంచాలి, రోజూ మనిషి కన్ను వాటి మీద పడాలి అంది.

మనవాడు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఫలానా రోజుకల్లా నడిపిస్తానని అప్పటికే అందరికీ మాట ఇచ్చేశాడు. లేని మనుషులను పుట్టించి, ఒక్కొక్కరికీ ఒక ఇల్లూ ఒక ఫోనూ ఇచ్చి, తానే ఒక జాబితా అల్లుకున్నాడు. ప్రశ్నలు తానే రాసుకుని, జవాబులు తానే దిద్దుకుంటే నూటికి నూరు రాక ఏమవుతాయి? జోడుపేర్ల బెడద తీరడానికి ఒక నియమం పెట్టాడు. పుట్టినరోజు, ఇల్లు, ఫోను ఒకటే అయితే మనిషీ ఒకటే, మొదటి వరుస ఉంచి రెండోది పారెయ్. పేర్లను ఒక్కో ఆసుపత్రి ఒక్కో తీరున రాస్తుంది గనక వాటిని చూడనక్కర్లేదన్నాడు. కంప్యూటరుదేముంది, ఎద్దు ఈనిందంటే దూడను కట్టేసే రకం. సరేనంది. కవలల చేతుల్లో పెరిగినవాడికి కవలలు గుర్తురాలేదు.

అన్ని ఆసుపత్రులనూ ఒక్కసారే కలిపేశాడు. తెర మీద పచ్చదీపాలు వెలిగాయి, ఆఫీసులో చప్పట్లు మోగాయి. ఇకనుంచి మీ ఇంటికి వ్యాను పంపేది నేనేనని అత్తలకు ఫోను చేశాడు. వాళ్ళు ఆ కబురు వీధంతా పంచారు.

ఆ తరువాత వచ్చిన వ్యాను జాబితాలో పెద్దత్త పేరు ఒక్కటే ఉంది. నీకోసం ఇంకో వ్యాను వస్తుందేమోలే అమ్మా అని డ్రైవరు వెళ్ళిపోయాడు. చిన్నత్త సంచీ చంకన పెట్టుకుని, అక్క తిరిగి వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడింది. మరుసటి నెలా అంతే, ఆ పై నెలా అంతే. మేనల్లుడికి ఫోను చెయ్యవే అని పెద్దత్త పోరు పెట్టింది.

చిన్నత్త ఒప్పుకోలేదు. "వాడి పనిలో తప్పుండదే. నా వంతు ఇంకా రాలేదేమో. అడిగామంటే మొహమాటానికి నన్ను ముందుకు తోస్తాడు. పాపం, ఎవరి వంతో పోతుంది."

చాలాకాలానికి అతను చూడ్డానికి వచ్చినప్పుడు, చిన్నత్త గ్లాసు పక్కన బల్ల మీద నీళ్ళు పోసింది. ఆవిడ గుడ్డ తేవడానికి లోపలికి వెళ్ళగానే, పెద్దత్త సంగతంతా గబగబా చెప్పింది. అతనికి ఎవరూ విడమర్చనక్కర్లేకపోయింది. పుట్టినరోజు, ఇల్లు, ఫోను.

ఆ సాయంత్రమే చిన్నత్తను కంటి ఆసుపత్రికి తీసుకువెళ్ళాడు. డాక్టరు చాలాసేపు చూసి, ఉన్న కన్నును జాగ్రత్తగా చూసుకోమన్నాడు.

ఆఫీసులో నిదానం మేడం ఒక్క మాటా ఎత్తిపొడవలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. నియమం మార్చి, నకలు మీద నిజమైన జాబితాలు పెట్టి, తోసేసిన వరుసలకు బుట్ట కట్టి, తేడాలన్నీ చూశాకే అసలుదాన్ని కదలనిచ్చింది. ఎత్తిపొడిచినా బాగుండేదనిపించింది అతనికి. ఇంత తేలికైన పనినా తాను ఎగ్గొట్టింది అనుకున్నాడు.

మిగిలింది చెప్పడమే. నిజం చెబితే, తన గొప్పను వీధంతా మోసుకు తిరిగిన ఆ మనిషి ముందు తాను ఏమవుతాడోనని రెండుసార్లు గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. మూడోసారి లోపలికి వెళ్ళి, కిటికీ పక్కన కూర్చున్న చిన్నత్త దగ్గర కుర్చీ వేసుకున్నాడు.

"అత్తా, ఆసుపత్రివాళ్ళ తప్పేం లేదు. మీ ఇద్దర్నీ ఒక్కరే అనుకునేట్టు రాసింది నేనే."

"మా అమ్మే పొరబడేదిరా," అంది. నవ్వబోయింది గానీ అది పెదవి దాటలేదు. తరువాత మెల్లగా అడిగింది.

"మాలాంటివాళ్ళు ఇంకెంతమందిరా?"

క్షమాపణకని కూర్చుకుని వచ్చిన మాటలన్నీ అతను పక్కన పెట్టేశాడు.

"తెలీదత్తా. తీసేసినవాటిని దాచలేదు."

"ఆసుపత్రుల దగ్గరుంటాయిగా?"

ఉంటాయన్నాడు. ఒక్కో ఆసుపత్రికీ వెళ్ళి పాత జాబితాలు అడిగి, అన్నీ మళ్ళీ మొదటినుంచి కలిపి చూడాలన్నాడు. మొగుడూపెళ్ళాలై, ఒకే రోజు పుట్టినవాళ్ళు కూడా ఉండొచ్చన్నాడు.

"చూడు. చూసి, ఎవరికీ ఫోన్లో చెప్పకు. ఇంటికెళ్ళి చెప్పు," అంది చిన్నత్త. అతను తల ఊపాడు. ఆవిడకు అది కనపడలేదు. చెయ్యి చాపి, కుర్చీ కోసం గాలిలో వెతికింది.

"ఇటుపక్కకొచ్చి కూర్చోరా. అటుంటే నాకు కనపడవు."

అతను లేచి కుర్చీ ఎడమవైపుకు జరుపుకున్నాడు.