కడుపు లేని తెరచాప

అబ్దుల్ గనీకి సహనం తక్కువన్న సంగతి భూపాలపల్లిలో షామియానా వేయించుకున్న ప్రతివాడికీ తెలుసు. అయినా ఆ బుధవారం పొద్దున వచ్చింది మామూలు కోపం కాదు. కుట్టుమిషన్ ముందు గంటసేపు కూర్చుని ఒక్క కుట్టు కూడా వేయలేకపోయాడు. కారణం సదానందం పడవ.

సదానందం బొగ్గుగనిలో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషి. రిటైరైనవాడు కోళ్లు పెంచుకోవాలి, లేదంటే మనవల్ని బడిలో దింపిరావాలి. ఈయన హైదరాబాదు పోయి, ఏదో క్లబ్బువాళ్లు తుక్కు కింద అమ్మేస్తుంటే పద్దెనిమిది అడుగుల తెరచాప పడవ కొనుక్కొచ్చాడు! ఇద్దరు పడుకునేంత గది కూడా ఉంది అందులో. ఊరవతల పెద్ద చెరువులో జనాన్ని తిప్పుతాడట. పడవతో వచ్చిన తెరచాప చిరిగి పేలికలై ఉంటే, కొత్తది కుట్టమని గనీ దగ్గరికి వచ్చాడు. జనగామ నుంచి చిట్యాల దాకా గనీ షామియానాలో ముడత చూపించినవాడు లేడు. కుట్టాడు. అద్దంలా కుట్టాడు.

ఆ తెరచాపతో పడవ గాలి వెంట పోతుంది, గాలికి అడ్డంగానూ పోతుంది. ఎదురుగాలి అనేసరికి మొండికేస్తుంది. శుక్రవారం ఆఫీసరు చూడ్డానికి వస్తున్నాడు. ఇంజను లేకుండా అవతలి కట్ట దాకా పోయి తిరిగొస్తేనే జనాన్ని తిప్పడానికి అనుమతి. రాకపోతే గనీ తెరచాప దింపేసి బొంబాయి నుంచి వేరేది తెప్పిస్తానని సదానందం చాయ్ హోటల్లో పదిమంది ముందు అనేశాడు. గనీ అక్కడికక్కడే ఆయన చొక్కా గల్లా పట్టి కొట్లాడాడు. నలభై ఏళ్లలో గనీ కుట్టిన గుడ్డను దింపి పక్కన పడేసిన మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు.

"బొంబాయట, బొంబాయి! పడవ నిండ ఇనుము నింపుకున్నడు, తప్పు నా కుట్టుదట!" అని మిషన్ మీద గుద్దాడు గనీ.

"అజీ, మిషన్ ఏం జేసింది?" అంది లోపల్నుంచి భార్య ఖాజాబీ. "గుద్దేదుంటే పోయి సదానందాన్ని గుద్దురి."

ఇనుము మాట అబద్ధం కాదు. గది ఉంది కదా అని సదానందం అందులో కాపురమే పెట్టాడు. గ్యాస్ సిలిండర్, బియ్యం బస్తా, స్టీలు బిందెలు, గనిలోంచి తెచ్చుకున్న పానాల పెట్టె. మంగళవారం గనీ చెరువుగట్టున నిలబడి అరిచి అరిచి అవన్నీ దింపించాడు. పడవ జానెడు పైకి లేచింది. అడ్డగాలికి వేగం కూడా పెరిగింది. ఎదురుగాలికి మాత్రం మళ్లీ అదే తీరు.

అదే తీరని పుస్తకంలో రాసుకున్నది సదానందం కూతురు శైలజ. మహబూబాబాద్‌లో కాలేజీ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతుంది. సెలవు పెట్టి వచ్చి, గాలి ఏ మూల నుంచి కొడితే పడవ ఎంత వేగం పోతుందో ఫోనులో చూసి రాస్తోంది. ఆ పుస్తకం కనిపిస్తే చాలు, గనీకి ఒళ్లు మండుతుంది. ఇప్పుడది పట్టుకునే దుకాణం మెట్లెక్కింది.

"చాచా, జర చూడు. అడ్డగాలికి గంటకు ఏడు కిలోమీటర్లు. ఎదురుగాలికి రెండే. ఆ రెండుల గూడ సగం పక్కకే జారుతది."

"ఎదురుగాలికి ఏ పడవన్న పోతదా బిడ్డా? నీ సైన్సు ఏం సైన్సో!"

"సక్కగ పోదు. ఏటవాలుగ పోవాలె, అటోసారి ఇటోసారి మల్లుకుంట. నిన్న అయిదు సార్లు మలిపినం. అయిదు సార్లకు మళ్ల మొదలువెట్టిన తుమ్మచెట్టు కాడికే వచ్చినం."

"అయితే నీ బాపుకు మలుపుడు రాదు."

"బాపుకు వస్తది చాచా. తెరచాపకే కడుపు లేదు. బల్ల తీరు చదునుగ ఉన్నది. గాలి దాని మీద వంగి పోవాలె. వంగితేనే పడవను ముందుకు గుంజుతది."

కడుపు! ఆ మాట వినగానే గనీ లేచి నిలబడ్డాడు. షామియానాకు కడుపొచ్చిందంటే దాంట్లో వాన నీళ్లు నిలుస్తాయి, గుంజలు విరుగుతాయి, పెళ్లి భోజనాల మీద కుండపోత. కడుపు రాకుండా గుడ్డను బిగించడమే అతని విద్య. తండ్రి చెంపదెబ్బలతో నేర్పిన విద్య.

"పాతదానికి ఉండె కడుపు. సాగిపోయిన గుడ్డ, చేతగానోని కుట్టు. పక్కపక్కన కలిపిన గుడ్డ పట్టీల అంచులన్ని వంకరే. నేనే సాపు జేసిన. నమ్మవా? ఆగు, చూపిస్త!"

మూలన పడున్న పాత తెరచాపను బల్ల మీదికి విసిరాడు. బ్లేడు తీసి ఒక కుట్టు విప్పాడు. పట్టీ అంచు నిజంగానే వంకర. మధ్యలో వేలెడు ఉబ్బు. "చూసినవా?" అని రెండోది విప్పాడు. అక్కడా వేలెడే. మూడోది విప్పి టేపు పెట్టాడు. ముందంచు నుంచి సరిగ్గా అదే దూరంలో అదే ఉబ్బు. నాలుగోదానికి వచ్చేసరికి బ్లేడు నెమ్మదించింది. ఆరు పట్టీలకూ అదే వేలెడు. చేతగానివాడు ఒకే తప్పును ఆరుసార్లు అదే కొలతకు చేయడు. ఎవరో ఆ కడుపును కోరి, కొలిచి కుట్టారు. కొత్తది కుట్టేటప్పుడు గనీ దాన్ని తప్పనుకుని, గీటు గీసి తిన్నగా కోసేశాడు.

బ్లేడు కింద పెట్టి, "కొత్తది పట్టుకరా," అన్నాడు. "అంచులు గట్టిజేస్తడట అని నీ బాపుకు చెప్పు. ఇంకేం జెప్పకు."

శైలజ తలూపి పోయింది. ఆ రోజూ, మర్నాడూ గనీ కుట్టు విప్పాడు, వంపు పెట్టాడు, మళ్లీ కుట్టాడు. చేతులు అలవాటు చొప్పున గుడ్డను సాపు చేయబోతుంటే వాటిని తిట్టుకుంటూ కుట్టాడు. ఖాజాబీ అన్నం రెండుసార్లు వేడిచేసి, మూడోసారి చల్లన్నమే ముందు పెట్టింది.

శుక్రవారం ఆఫీసరు గట్టు మీద కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పడవ గాలి వెంట అవతలి కట్టకు సులువుగా చేరింది. అసలు సంగతి తిరుగు ప్రయాణంలో ఉంది. సదానందం పడవ ముక్కును ఏటవాలుగా తిప్పాడు. తెరచాప నిండింది. గట్టున నిలబడ్డ గనీకి కడుపు స్పష్టంగా కనిపించింది. పడవ పక్కకు జారలేదు. ఒక మలుపు, రెండు మలుపులు. మూడో మలుపుకు తుమ్మచెట్టు వెనకబడింది. నాలుగో మలుపుకు సదానందం కేకలు వినిపించాయి. పడవలోంచి శైలజ ఫోను చూసి, "అయిదు, చాచా! ఎదురుగాలికి అయిదు!" అని గంతేసింది. గనీ కళ్లలో నీళ్లు తిరిగాయి. గాలికన్నట్టు తుడుచుకున్నాడు.

ఆఫీసరు సంతకం పెట్టాడు. సదానందం పడవ దిగి గనీని వాటేసుకుని, అందరూ వినేలా మొదలుపెట్టాడు.

"తప్పు నాదే సార్! ఇల్లంత పడవల నింపిన. దింపినంక గూడ నాకే మలుపుడు సక్కగ కుదరలె. మా గనీ భాయ్ తెరచాప మొదటి రోజు నుంచి బంగారమే. ఉత్తపుణ్యానికి నోరు పారేసుకున్న."

నోరు మూసుకుని ఊరుకుంటే సరిపోయేది. ఖాజాబీ కూడా వెనక నుంచి చొక్కా పట్టి లాగింది. కానీ ఆ చదును గుడ్డను బంగారమంటున్నాడు. చెడ్డ పనిని మెచ్చుకుంటుంటే విని ఊరుకోవడం అతనివల్ల కాలేదు.

"బంగారం కాదు, మట్టిగడ్డ!" అని అరిచాడు. "మొదటిది చెడగొట్టింది నేనే. మంచిగున్న వంపును తప్పనుకొని కోసిపారేసిన. నిన్ననే మళ్ల కుట్టిన. నీ బిడ్డనడుగు!"

సదానందం కూతురి వైపు చూశాడు, గనీ వైపు చూశాడు.

"మరి తప్పు నీదైతే, చాయ్ హోటల్ల నా గల్ల పట్టి గంతగనం ఎందుకు కొట్లాడినవ్ భాయ్?"

"తెల్వకనే," అన్నాడు గనీ. "తెలిసినోడెవడన్న గంతగనం కొట్లాడ్తడా?"