సెలమ్ మీద సర్కారు ఖర్చు

ప్రార్థన మనవి పైకి చదివితే తప్ప దేవుడికి వినబడదా? ఆ సంగతి సూసన్నమ్మకి ముందే తోచి ఉంటే ఎంత బాగుండేది! తెలుగునాడు దాటిన ఓ రైల్వే ఊళ్లో, మలంచా పేటలో ఆమె ఇంటి మేడగదిలో సెలమ్ అనే పరదేశపు పిల్ల అద్దెకుంటూ పరిశోధన చేస్తోంది. ఏ దేశమో చెప్పొద్దంది కాబట్టి మనమూ చెప్పొద్దు. "మా సెలమ్ వాళ్ల సర్కారు తప్పులు రాస్తాది, కాపాడు తండ్రీ" అని సూసన్నమ్మ ఆదివారం చర్చిలో చీటీ చదివించింది. ఆ ఆరాధన లోకమంతా ఫోన్లలో చూస్తుందన్న మాటే మరిచిపోయింది.

బుధవారం సెలమ్‌కి ఫోనొచ్చింది. ఆమె దేశపు మనిషే, ఆమె భాషలోనే మాట్లాడాడు. నువ్వు ఏ చర్చికి పోతున్నావో మా సర్కారుకి తెలుసు, రాతలు ఆపకపోతే ఆ ఊళ్లోనే మాయమైపోతావు అన్నాడు. సెలమ్ ఫోన్లో రికార్డైన ఆ మాటల అర్థం సూసన్నమ్మకి చెప్పి, బట్టలు సర్దుకోవడం మొదలెట్టింది. సూసన్నమ్మ నెత్తి కొట్టుకుంది. ఇంత పని చేసింది తన చీటీయే కదా!

"సదువొదిలేసి ఎక్కడికెల్తావు? పద థానాకి!" అంటూ తెలుగూ హిందీ కలిపేసి, చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

ఎస్సై ఉమాశంకర్ అక్కడి రైల్వే క్వార్టర్ల పేట ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో పెరిగిన తెలుగువాడే. అంతా విని తల పట్టుకున్నాడు.

"పరాయి సర్కారు బెదిరించిందంటే నాకు తెలిసి వేరే సట్టం లేదు ఆంటీ. మామూలు బెదిరింపు కేసే రాయాల. ఆ రికార్డింగు ఇనడానికి ఢిల్లీ నుంచి దుబాసీ రావాల, ఈ పిల్లకి కాపలా పెట్టాల. ఒక్క ఫోనుకి ఇంత కర్సు! రేపు సట్టమే తెస్తే ఇలాటివి వందొస్తాయి. జనం సొమ్మే గదా?"

సూసన్నమ్మకి ఒళ్లు మండింది. రైల్వే ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసిన మనిషి, ఎవరికీ జడవదు.

"ఈ పిల్ల భయపడి నోరు మూసుకుంటే రేపు ఇంకోడు మూసుకుంటాడు. మన ఊళ్లో ఎవడో పరాయోడు ఫోన్లో రాజ్యం సేత్తాడు. అది కర్సు కాదేటి? రాయి బాబూ! సీటీ సదివించింది నానే, తప్పు నాదే. సాక్షిగా నా పేరు రాసుకో."

ఉమాశంకర్‌కి నవ్వాగలేదు. "సిన్నప్పుడు నీ సూదికి భయపడినాను, ఇప్పుడు నీ నోటికి" అంటూ కాగితం తీశాడు. ఫిర్యాదు రాసుకున్నాడు, దుబాసీ కావాలని పై ఆఫీసుకి ఉత్తరం పెట్టాడు, మలంచాలో రోజూ గస్తీ తిరగమని ఇద్దరు కానిస్టేబుళ్లకి పురమాయించాడు.

బయటికొచ్చాక చూస్తే సెలమ్ వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"మళ్లీ ఏటయింది తల్లీ?"

"మా సర్కారు ఇన్నాళ్లూ నా మీద ఖర్చు పెడుతూనే ఉంది ఆంటీ, నన్ను వెంటాడ్డానికి" అంది సెలమ్ వచ్చీరాని హిందీలో. "నన్ను కాపాడ్డానికి ఒక సర్కారు ఖర్చు పెట్టడం ఇదే మొదలు."

సూసన్నమ్మకి కళ్లనీళ్లాగలేదు.

"పెట్టనీ" అంది. "నువ్వు మాత్రం రాయడం మానకు."