బేళ్ళకున్న దారి

"మీ బట్టల బేళ్ళకి దారుంది, మీ స్కూటరుకి దారుంది. మనిషికే దారి లేదా పూర్ణచంద్రరావు గారూ?"

పామర్రు బజారులో, చేత్తో తిప్పే మూడు చక్రాల బండి మీంచి రాజ్యశ్రీ వేసిన కేకకి ఎదుటి టీ కొట్టులో గ్లాసులు పెదాల దగ్గరే ఆగిపోయాయి. చీరల కొట్టు యజమాని మాత్రం పాలరాతి మెట్ల పైన నిలబడి నవ్వాడు. దానాలు చేసేవాడి నవ్వు అది.

"అరవకమ్మా. కిందికే తెచ్చి చూపిస్తారులే."

గుమాస్తా తెచ్చాడు, మూడంటే మూడు చీరలు. మూడూ మడతల్లో రంగు వెలిసినవే. "నీకివి చాల్లే అక్కా" అన్నాడు.

రాజ్యశ్రీది నేత ఇల్లు. అమ్మా తనూ నేసిన చీరలే ఆ కొట్టు అద్దాల బీరువాల్లో ఉన్నాయి. ఒక్కసారి లోపలికి పోవాలి. తెల్ల పరుపు మీద కొట్టంతా విప్పించాలి. ఒక్కటీ నచ్చలేదని పెదవి విరిచి బయటికి రావాలి. కారు దిగిన ప్రతి ఆడమనిషీ చేసే పనే కదా, తనకెందుకు లేదు?

దారి లేకా? ఉంది. రోజూ పొద్దున్నే మెట్ల మీద వెడల్పాటి ఇనుప పలక వాలుస్తారు. దాని మీదుగా బేళ్ళ తోపుడుబండి లోపలికి పోతుంది. కొట్టు కట్టేసే వేళ యజమాని స్కూటరు పోతుంది. బేరాల వేళకి మాత్రం పలక లాగేస్తారు. ఎందుకయ్యా అంటే, తూర్పు వాకిట్లో ఇనుము ఉంటే వాస్తు చెడుతుందట. బేళ్ళు ఎక్కేటప్పుడు ఆ వాస్తు ఎక్కడ పడుకుంటుందో!

ఆ సాయంత్రం వికలాంగుల సంఘం కూర్చుంది. ఆ కొట్టుకి ర్యాంపు కట్టించమని నిలదీద్దాం అంది రాజ్యశ్రీ. సంఘం పెద్ద అంకమ్మరావు చంకకర్రలు గోడకి ఆనించి తల అడ్డంగా ఊపాడు.

"ఏటా మనకి శాలువాలు కప్పే మనిషమ్మా. ఆయన మీదకి పోతే ఎట్టా?"

"ఎక్కడ కప్పాడు బాబాయ్?"

"స్టేజీ మీద."

"దానికీ మెట్లేగా. ఎట్టా ఎక్కావ్?"

ఎక్కడమా? ఆ స్టేజీ మీదికి అంకమ్మరావు పాకాడు. అందరూ పాకారు. మైకులో విభిన్న ప్రతిభావంతులని పొగుడుతుంటే మోచేతులు దోక్కుపోయేలా పాకి, శాలువా కప్పించుకుని, మళ్ళీ పాక్కుంటూ దిగారు.

అయినా బుద్ధి రాలేదు. మర్యాదగా అడుగుదామని మర్నాడు వెళ్ళారు. పూర్ణచంద్రరావు మెట్లు దిగొచ్చి, మండే ఎండలో, నడిరోడ్డు మీద మళ్ళీ అందరికీ శాలువాలు కప్పి ఫోటో తీయించుకున్నాడు. వీళ్ళు ఉన్ని శాలువాల్లో చెమటలు కక్కుతూ దణ్ణాలు పెట్టి తిరిగొచ్చారు. ర్యాంపు మాట ఒక్కడి నోటా రాలేదు.

"సిగ్గుందా మనకి?" రాజ్యశ్రీ శాలువా విప్పి అంకమ్మరావు ఒళ్ళోకి విసిరింది. "వాడి చీరలు నేసేది మనం, కొనేది మనం. దణ్ణం కూడా మనమేనా?"

అంకమ్మరావు ఆ శాలువాని చేతుల్లో మెలిపెట్టి, రెండు కొసలూ పట్టి లాగి చూశాడు. "గట్టిదే," అన్నాడు చివరికి. "తాడుగా పనికొచ్చుద్ది."

మర్నాడు బేళ్ళు దిగే వేళకి సంఘమంతా మెట్ల ముందుంది. పలక వాల్చగానే శాలువాలు పురిపెట్టి దాని కొక్కేలకి కట్టి, రెండో కొసలు తమ బండ్లకి బిగించారు. పలక ఇక లోపలికి రాదు.

"ఏసుపాదం! లాగి పారెయ్యరా!" యజమాని గొంతు చించుకున్నాడు.

బేళ్ళు మోసే ఏసుపాదం చేతులు కట్టుకున్నాడు. "నా వల్ల కాదండి. రేపు నా నడుం పోతే నేనూ దీని మీదే రావాలి."

మోకాళ్ళ నొప్పులతో ఇన్నాళ్ళూ మెట్ల కింద నిలబడే తనకి కావాల్సిన చీరల రంగులు అరిచి చెప్పిన వెంకటరత్నమ్మ, "తప్పుకోవయ్యా" అంటూ పలక మీదుగా లోపలికి నడిచింది. ఆమె వెనక మరో ముసలావిడ. ఆమె వెనక చంటిబిడ్డని తోపుడుకుర్చీలో పెట్టుకుని ఒక తల్లి.

యజమాని ఫోన్ చేస్తే ఎస్సై దుర్గాశంకర్ దిగాడు. "అరెస్టు! జీపెక్కండి."

"ఎక్కుతామండి, ఎట్టాగో చెప్పండి," అంది రాజ్యశ్రీ. "జీపు అంత ఎత్తుంది. మీ స్టేషనుకీ మెట్లేనంట. ముందు అక్కడ ర్యాంపు కట్టించి, అప్పుడు పట్టుకోండి."

బజారు గొల్లున నవ్వింది. ఎస్సైకి ఒళ్ళు మండింది. అంకమ్మరావుని మూటలా ఎత్తి జీపులో పడేయించాడు. చంకకర్రలు రోడ్డు మీద పడ్డాయి. నవ్వు ఆగిపోయింది. జనం కదిలి జీపు చుట్టూ గోడలా నిలబడ్డారు.

రాజ్యశ్రీ తన బండికున్న శాలువా ముడి విప్పి, బండి పలక వైపు తిప్పింది. బేళ్ళు తోసిన చేతులతోనే ఏసుపాదం ఆమె బండిని పైకి తోశాడు.

"విప్పవయ్యా," అంది గుమాస్తాతో. బీరువా ఖాళీ అయ్యేదాకా విప్పించింది. తన మగ్గం మీద పుట్టిన చీర దగ్గర ఒక్క క్షణం చెయ్యి ఆగింది. దాన్నీ పక్కకి నెట్టేసింది.

"ఒక్కటీ నచ్చలేదు," అంది, జీపు దాకా వినపడేలా. "ఈ పలకా నచ్చలేదు. మరీ నిటారుగా ఉంది, ఒకరు తోస్తేగానీ ఎక్కలేను. తోసే మనిషి అక్కర్లేని ర్యాంపు కావాలి. ఈ కొట్టుకి, పక్క మందుల షాపుకి, ఎదురు హోటలుకి, ఆ పోలీస్ స్టేషనుకి. మా బాబాయిని జీపులోంచి దించండి. సిమెంటు తెప్పించండి. రేపు కాదు, ఇప్పుడే!"